కుంకుడురసంలో రెండున్నర డాలర్లు

ఆ లాక్‌డౌన్‌లో మా ఆయనకి పట్టిన పిచ్చి గురించి ముందు చెప్పాలి. లేకపోతే నా తప్పు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఐర్లండ్‌లో, అత్లోన్ అనే ఊళ్ళో మేముండేది గోడా గోడా కలిసిన వరస ఇళ్ళలో ఒకటి. లోకమంతా ఇంట్లో కూర్చున్న ఆ వసంతంలో కొందరు మొగుళ్ళు రొట్టెలు కాల్చడం నేర్చుకున్నారు, కొందరు గడ్డాలు పెంచారు. ఈయన వందేళ్ళనాటి అమెరికా బంగారు నాణేల మీద పడ్డాడు. మా ఇంట్లో అలాంటి నాణెం ఒక్కటి కూడా లేదు సుమండీ. కొనే ఉద్దేశమూ లేదు, తాహతూ లేదు. పగలంతా పైగదిలో కంపెనీ పని, సాయంత్రం కాగానే డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఊరివాళ్ళ నాణేల ఫొటోలు పెద్దవి చేసి చూసుకోవడం. నేను ఆ టేబుల్ చివర్న కూరలు తరుక్కునేదాన్ని.

చూస్తే చూశాడు, చూసి ఊరుకుంటే నాకేం బాధ? పాఠాలు మొదలెట్టాడు. నాణేనికి ఒకటి నుంచి డెబ్బై దాకా మార్కులు వేస్తారట. అరవై దాటితే అది ఎవరి జేబులోనూ తిరగలేదని అర్థమట. అరవై రెండుకీ అరవై ఐదుకీ తేడా మామూలు కంటికి కనిపించదు గానీ, ధరలో మాత్రం ఆ తేడాతో కారు కొనుక్కోవచ్చట. ఇది కాక వెనకవైపు చీమ తలకాయంత అక్షరం ఒకటి ఉంటుందట, ఏ టంకశాలలో ముద్ర వేశారో చెప్పేది. ఒక సంవత్సరం డెన్వర్‌లో తక్కువ వేశారు కాబట్టి, ఆ ఏటి నాణెం మీద డి అక్షరం ఉంటే దాని దారే వేరు. ఆ అక్షరం కూడా స్పష్టంగా పడిందా, అలికినట్టు పడిందా అని మళ్ళీ ఇంకో లెక్క. నేను బియ్యం కడుగుతుంటే వచ్చి చెప్పేవాడు, పాలు పొంగుతుంటే వచ్చి చెప్పేవాడు. మొదటి వారం విన్నాను. రెండో వారం ఊఁ కొట్టాను. మూడో వారం నుంచి ఊఁ కొడుతూనే వినడం మానేశాను. కొంప ముంచింది అదే.

మా పక్కింట్లో ఎనభై దాటిన ఐరిష్ ఆవిడ ఒక్కతే ఉండేది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక నేను ఆంటీ అనేదాన్ని. మొదట్లో నేను ఇంకెవర్నో పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగి చూసేది, తరవాత అలవాటు పడింది. కరోనా రావడానికి ముందు చలికాలంలోనే మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చింది గానీ, ఇక మెట్లెక్కలేకపోయింది. మంచాన్ని ముందుగదిలోకి దించారు. స్నానాలగది మాత్రం పైనే ఉండిపోయింది. వంటింట్లో కుర్చీ వేసుకుని తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే ఆవిడకి స్నానం.

డండాక్‌లో ఉండే ఆవిడ అన్న కొడుకు ఫోన్‌లో ఒకటే మాట పట్టుకున్నాడు. వేసవి దాటేలోగా కింద స్నానాలగది కట్టించుకో, లేదంటే వృద్ధాశ్రమంలో చేరు. అతనికేం, ఎంత తేలిగ్గా అంటాడో! ఆ నెలల్లో వార్తలు పెడితే వృద్ధాశ్రమాలే. లోపలున్నవాళ్ళు పోతున్నారు, బయటున్నవాళ్ళని చూడనివ్వడం లేదు. గది కట్టడానికి మేస్త్రీ చెప్పిన అంచనా కాగితం ఆవిడ టీవీ మీదే ఉండేది. అంత డబ్బు ఆవిడ దగ్గర లేదు. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదన్నారు కనక వారానికి రెండుసార్లు సరుకులు నేనే తెచ్చి, ముందుగది కిటికీ దగ్గర సంచి పెట్టి, రెండు గజాలు వెనక్కి జరిగి నిలబడి కబుర్లు చెప్పేదాన్ని. ఒకరోజు అక్కడే నాతో అంది.

“నేను పుట్టింది ఈ ఇంట్లోనే, పైగదిలో. పోవడం కిందిగదిలో అయినా నాకు ఫర్వాలేదు. ఈ ఇంట్లో అయితే చాలు.”

అలాంటప్పుడు మా ఆయన వెనకగోడ మీంచి ఆవిడకి కూడా పాఠం మొదలెట్టాడు. ఎనభై ఏళ్ళ మనిషిని కూడా వదలడా అని నేను తలుపు వెనక పళ్ళు నూరుకుంటున్నాను. ఆవిడ తాపీగా విని, అలాంటిది నా దగ్గర ఒకటుంది అంది. వాళ్ళ అమ్మకి అక్క ఒకావిడ బోస్టన్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరి, చెల్లెలి పెళ్ళికని పంపిందట. రెండున్నర డాలర్ల నాణెం. వంటింటి ప్రెస్‌లో, అంటే అల్మరాలో, టీ డబ్బాలో ఉందట. ఏ సంవత్సరం అని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఈయన గోడ దూకలేదంతే. డి అక్షరం ఉందో లేదో ఆవిడ కళ్ళకి ఆనదు. ఒకవేళ ఉండి, నాణెం ముట్టుకోనట్టు ఉంటే మీ స్నానాలగది వచ్చేస్తుంది, పైన ఇంకా మిగులుతుంది అని చెప్పేశాడు. అలా ముందే ఆశపెట్టకండి అని రాత్రంతా సణిగాను. వింటేనా!

ఆ ఆదివారం అక్షయ తృతీయ. ఆ రోజు ఇంట్లోకి పిసరంతైనా కొత్త బంగారం రావాలని మా అమ్మ పద్ధతి, నాదీ అదే. ఎంత పేదరికంలోనూ ముక్కుపుడక రాయి కిందికైనా ఏదో ఒకటి కొనేవాళ్ళం. ఆ ఏడు బంగారం కొట్లు మూతపడ్డాయి, ఊరు దాటి వెళ్ళడానికి లేదు. పొద్దున్నుంచీ మనసు మనసులో లేదు. పక్కింటికి సరుకుల సంచి తీసుకెళ్ళేసరికి ఆంటీ కిటికీ గూట్లో కవరు పెట్టి ఉంచింది, మీ ఆయనకివ్వు అంది. విప్పితే బంగారం. అడక్కుండా, సరిగ్గా ఆ రోజున. మా ఆయన పైన ఆఫీసు కాల్‌లో ఉన్నాడు, ఆదివారం కూడా వదలరు వాళ్ళు. దిగడానికి ఇంకా మూడు గంటలు. పరాయి సొత్తే, నాకు తెలీదా? అయినా గడప దాటి లోపలికి వచ్చిన లక్ష్మిని టేబుల్ మీద కవర్లో పడేసి ఉంచడం నావల్ల కాదు.

బొటనవేలి గోరంత ఉంది. ఒకవైపు ఈకల తలపాగా కట్టుకున్న అమెరికా ఆదివాసీ నాయకుడి మొహం, రెండోవైపు గద్ద. మామూలు నాణెంలా బొమ్మ పైకి ఉబ్బి లేదు, లోపలికి గుంటలుగా దిగి ఉంది. ఆ ఈకల గుంటల్లో తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వందేళ్ళ మురికి, బూజు అనుకున్నాను. అసలే అవి పాల ప్యాకెట్లనీ పెరుగు డబ్బాలనీ కూడా సబ్బుతో కడిగి లోపల పెట్టుకుంటున్న రోజులు. ఇండియా నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు ఒక గుప్పెడు మిగిలితే నాలుగు కొట్టి వేణ్ణీళ్ళలో నానేసి, నాణేన్ని అందులో వేసి, పాత టూత్‌బ్రష్‌తో తోమాను. నా మంగళసూత్రాలూ గాజులూ ఏళ్ళ తరబడి అలాగే తోముతున్నాను. తళతళలాడింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అమ్మవారి ముందు ఉంచి, ఆంటీకి ఆ గది వచ్చేలా చూడు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. హారతి అయ్యాక చూస్తే కుంకుమ గుంటల్లోకి దిగిపోయింది, ఆ నాయకుడి మొహమంతా ఎర్రబడింది. ఇలా ఇస్తే ఏం బాగుంటుందని మళ్ళీ కుంకుడురసంలో వేసి ఈసారి గట్టిగా తోమాను.

మా ఆయన దిగి వచ్చాడు. వెండి గిన్నెలో పెట్టి చేతికిచ్చాను, మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను. భూతద్దం కంటికి పెట్టుకుని మొదట వెనకవైపు చూశాడు. డి ఉంది, ఎంత బాగా పడిందో చూడు అని చిన్నపిల్లాడిలా అరిచాడు. తరవాత దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు.

“దీన్ని కడిగావా?”

“బంగారం కదండీ. కడక్కుండా దేవుడి దగ్గర ఎలా పెడతాను?”

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. మెల్లగా భూతద్దం నా చేతికిచ్చి చూపించాడు. మామూలు నాణెం మీద బొమ్మ ఎత్తుగా ఉంటుంది కాబట్టి అరిగితే బొమ్మ అరుగుతుంది. దీనిమీద బొమ్మ గుంటలో ఉంది, చుట్టూ ఉన్న చదునే ఎత్తు. బ్రష్ పెడితే ముందు తగిలేది ఆ చదునుకే. అక్కడ సన్నగా వెంట్రుకల్లా గీతలు, ఒకటా రెండా, దీపం కింద సాలెగూడులా మెరుస్తున్నాయి. కడిగిన నాణేనికి నంబరే వెయ్యరట. అరవై రెండూ లేదు, అరవై ఐదూ లేదు. కడిగారు అని రాసి పక్కన పెడతారట. నీకు వందసార్లు చెప్పాను, నాణెం కడక్కూడదన్నది మొట్టమొదటి పాఠం అన్నాడు. చెప్పే ఉంటాడు. నేను ఊఁ కొట్టే ఉంటాను.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇదేం లోకమండీ! చేతులు కడుక్కో, కూరలు కడుక్కో, తలుపు గొళ్ళెం కడుక్కో అని పొద్దస్తమానం టీవీలో చంపుతారు. కడక్కూడనిది ఒక్కటుంటే అది నా చేతికే రావాలా? మురికి ఉంటే ధర, శుభ్రం చేస్తే ధర పోవడమా? ఆ మాటే ఆయనతో అంటే, అది మురికి కాదు, ఏళ్ళ తరబడి దానంతట అదే పట్టిన పొర అన్నాడు. పొరట! రెండు రోజులు ఆ పొర మీదే పోట్లాడుకున్నాం. మూడోరోజు కూర తరుగుతుంటే వంటింట్లో కుర్చీ వేసుకుని తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునే ఆంటీ కళ్ళముందుకొచ్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఒక పాత టూత్‌బ్రష్‌తో ఆవిడ గదిని నేను తోమేశాను.

మా ఆయన మంచితనమో ఏమో, నా తప్పులో కాస్తయినా వాటా పంచడానికి చూశాడు. గోడ మీంచి ఆంటీని అడిగాడు, దీన్ని ఇదివరకెప్పుడైనా ఎవరైనా కడిగారా అని. కడిగితే ఏమవుతుంది అని ఆవిడ అడిగితే ధర సగానికి సగం పడిపోతుందని వివరంగా చెప్పాడు, ఆయనకి వివరంగా చెప్పడం తప్ప ఇంకేం వచ్చు! ఆవిడ గోడ మీంచి చెయ్యి తీసేసి, లేదు, ఎవరూ ముట్టుకోలేదు అందట. దాంతో తప్పంతా నా ఒక్కదాని నెత్తినే పడింది. కొట్లు తెరిచాక ఎవరైనా తెలిసినవాళ్ళు చూసి చెప్పేదాకా ఆంటీతో ఏమీ అనొద్దనుకున్నాం. ఎవరికీ చూపించకుండానే ఆవిడ గుండె ఆపడం ఎందుకన్నాడు. నాకూ ధైర్యం లేదు.

ఆ రోజు నుంచి కిటికీ దగ్గర నిలబడలేకపోయాను. సంచి పెట్టి, బెల్ కొట్టి, ఆవిడ కర్ర చప్పుడు వినపడేలోగా మా ఇంట్లో పడేదాన్ని. దగ్గుగా ఉంది, మీకెందుకు అంటించడం అని ఒకసారి ఫోన్‌లో అబద్ధమాడాను. విచిత్రం, ఆవిడా కిటికీ దగ్గరికి రావడం మానేసింది. పరదా సగం వేసే ఉండేది. సరే, తెలిసిపోయింది, నా మొహం చూడ్డం ఇష్టం లేదు అనుకున్నాను. మే పోయింది, జూన్ పోయింది. ఆ రెండు నెలలూ ఆవిడతో మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళలేదు.

జూలైలో దూరం వెళ్ళనిచ్చాక మాస్కులు కట్టుకుని రైల్లో డబ్లిన్ వెళ్ళాం. పాత నాణేల కొట్టాయన ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని చాలాసేపు చూశాడు. నాణెం అసలుదే, అరుదైనదే, అక్షరం చక్కగా పడింది, ఎవరూ ముట్టుకోకుండా ఉంటే తను ఈ ఏడాది చూసినవాటిలో మంచిది అయ్యేదన్నాడు. అంటూ తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, చాలాసార్లు కడిగారన్నాడు. రెండుసార్లు, నేనే, అనబోయి ఆగిపోయాను. ఆయన చెప్పిన ధర మేస్త్రీ అంచనాలో సగం. నాణేన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిరిగి ఇచ్చాడు. దారి పొడుగునా మా ఆయన ఒక్క పాఠం చెప్పలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆంటీ కిటికీ తట్టాను. పరదా తీసింది. ఒక్క గుక్కలో చెప్పేశాను. మా దేశంలో బంగారాన్ని అలాగే కడుగుతామని, అది పండగ అని, మీ కోసమే దణ్ణం పెట్టానని, రెండుసార్లు తోమానని, ధర సగానికి పడిపోయిందని. ఆవిడ కిటికీ చెక్క పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా ఉంది నాకు.

“నీకిచ్చిన రోజు పొద్దున నేనే తోమాను, వంటసోడా పెట్టి,” అంది. “ప్రతి ఈస్టర్‌కీ మా అమ్మ తోమేది, అమ్మ పోయాక నేను. ఇంత జబ్బు తిరుగుతుంటే మురికి వస్తువు ఒకరి చేతికి ఎలా ఇస్తాను?”

ఈకల గుంటల్లోని ఆ తెలుపు. బూజనుకుని నేను తోమింది ఆవిడ వంటసోడా. మా ఆయన అడిగినప్పుడు తను అబద్ధం చెప్పానని, తన ఇల్లు తనే పోగొట్టుకున్నానని తెలిసి మా మొహాలు చూడలేక పరదా వేసుకున్నానని అంది. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. రెండు నెలలు! అడుగు మందం లేని గోడకి అటు ఆవిడా ఇటు నేనూ ఒకే తప్పు పట్టుకుని, ఒకరి నుంచి ఒకరు దాక్కుని కూర్చున్నాం. నోరు తెరిచి ఒక్క ముక్క అడిగుంటే ఆ రోజులైనా మిగిలేవి.

మిగతా సగం మేం వేస్తాం అన్నాడు మా ఆయన. ఆయన మాట పూర్తి కాకముందే నేను సరేనన్నాను. ఆ ఏడాదిలో మేమిద్దరం ఒకమాట మీద నిలబడింది అదొక్కసారే. ఆవిడ ఒప్పుకోలేదు. అన్న కొడుకైతే ఫోన్‌లో మండిపడ్డాడు, పక్కింటివాళ్ళకి ఎందుకింత ఆరాటం, ఇంటి మీద కన్నేశారా అని. ఆ మాట విన్నాక నాకు వచ్చిన తిట్లన్నీ తెలుగులోనే ఉన్నాయి కాబట్టి అతను బతికిపోయాడు. సగం గది ఏం చేసుకోను అని ఆంటీ నాణెం అమ్మనివ్వలేదు. సెప్టెంబర్‌లో ఆ అన్న కొడుకు ఆవిడని తీసుకెళ్ళడానికి కారేసుకుని వచ్చాడు. ఆవిడ కార్లో టీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటివైపు చూడలేదు, నా వైపు చూసి చెయ్యి ఊపింది.

వృద్ధాశ్రమం ఊరి చివర్నే. లోపలికి రానివ్వరు, కిటికీ బయట నిలబడి ఫోన్‌లో మాట్లాడాలి. మొదటిసారి మేమిద్దరం వెళ్ళినప్పుడు వాన పడుతోంది. ఆవిడ అద్దానికి దగ్గరగా కుర్చీలో కూర్చుని, కార్డిగన్ జేబులోంచి నాణెం తీసి అద్దానికి ఆనించి పట్టుకుంది. ప్లాస్టిక్ సంచి లేదు. బయటి నుంచి వచ్చిన ప్రతి వస్తువునీ ఇక్కడ మందునీళ్ళతో తుడిచి గానీ లోపలికి తీసుకోరట.

“వీళ్ళు కూడా కడిగారు,” అంది ఫోన్‌లో. ముగ్గురం పగలబడి నవ్వాం. మా ఆయన నవ్వుతూనే అలవాటు కొద్దీ వంగి ఆ నాణేన్ని ఒక కన్ను మూసి చూశాడు. అందులో నా గీతలెన్ని, ఆవిడవెన్ని, ఈ కొత్తవాళ్ళవెన్ని అని నేనడిగితే చెప్పలేకపోయాడు.

తరవాత ఆవిడ కుర్చీలోనే పక్కకి తిరిగి, గది చూపిస్తానంది. మంచం, టీవీ, గోడకి వాళ్ళమ్మ ఫొటో. ఆ పక్కన తలుపు తెరిచి ఉంది. లోపల తెల్లటి పలకలు, గోడకి పట్టుకోవడానికి కడ్డీ, కూర్చుని స్నానం చేయడానికి మడతకుర్చీ, పైన షవర్.

“చూశావా, ఒక్క మెట్టు కూడా లేదు. గ్రాండ్‌గా ఉంది,” అంది ఆంటీ.

బాగుందాంటీ అన్నాను.